పదో రోజు ముడి

నేను ఒక తువ్వాలును. ఉన్నమాట చెప్పాలంటే సగం తువ్వాలును. మిగతా సగం ఏమైందో తర్వాత చెబుతాను, తొందరపడకండి. ఇప్పుడు నా ఉద్యోగం పొయ్యి మీది గిన్నెలు దింపడం. ఒళ్ళంతా మసి, పసుపు మరకలు, అక్కడక్కడా కాలిన చిల్లులు. మీరు చూస్తే మసిగుడ్డ అంటారు. అనండి, నాకేం బాధ లేదు. మీ ఇంట్లోనూ నాలాంటిదొకటి ఉండే ఉంటుంది, దాని కథ మీరెప్పుడూ అడిగి ఉండరు.

పుట్టుక మాత్రం గొప్పదే. బండారులంకలో ఒక పెద్దాయన మగ్గం మీద పుట్టాను. మంచి నూలు, తెల్లటి ఒళ్ళు, రెండు పక్కలా ఎర్రంచు. నన్ను మగ్గం మీంచి కోసి మడతపెడుతూ ఆ పెద్దాయన భార్యతో "ఇది పదేళ్ళు మన్నుతుంది చూడు" అన్నాడు. అప్పుడు పొంగిపోయాను. ఎక్కువకాలం మన్నడం అంటే ఎక్కువ చూడవలసి రావడమని అప్పటికి నాకు తెలియదు.

బట్టల కొట్లో ఆర్నెల్లు కూర్చున్నాక ఒక పెళ్ళివారు నన్ను కొన్నారు. పెళ్ళికొడుకు మేనమామకు పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. ఆయన నన్ను రెండు వేళ్ళతో పట్టి చూసి, చచ్చిన ఎలకను చూసినట్టు మొహం పెట్టాడు. "పట్టు కండువా పెట్టే స్తోమత లేనోళ్ళు మా గడపెందుకు తొక్కేరంట?" అని అలిగి విడిదింటికి వెళ్ళిపోయాడు. ఆడపెళ్ళివారు కాళ్ళావేళ్ళా పడి, పట్టుది తెచ్చి, ఆయన్ను పంక్తిలో కూర్చోబెట్టేసరికి అప్పడాలు చల్లారిపోయాయి. నన్నేమో పెళ్ళయ్యాక వంటవాళ్ళకు పెట్టే బట్టల్లోకి తోసేశారు. మేనమామ భుజానికి పనికిరానిది వంటవాడి భుజానికి పనికొస్తుంది. మనుషుల లెక్కలు అలా ఉంటాయి.

అలా వంట మేస్త్రి ఏడుకొండలు భుజం మీదికి చేరాను. ముమ్మిడివరం పక్కన ఒక చిన్న ఊళ్ళో అతని ఇల్లు. భార్య రత్నం, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదాని పేరు సత్యవేణి, తొమ్మిదేళ్ళు. చిన్నది పండు, నాలుగేళ్ళు.

ఏడుకొండలు చేతివంట గురించి నేను చెబితే సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుంది గాని, ఎనిమిది వందల మందికి పులుసు పెట్టినా ఉప్పు రుచి చూసేవాడు కాదు. ఆవిరి వాసన చూసి "ఇంకో దోసెడు" అనేవాడు, అంతే. ఏ ఇంటి పెళ్ళిలో ఏ ముసలావిడకు వెల్లుల్లి పడదో, ఏ కరణంగారికి గుమ్మడికాయ అంటే ఎలర్జీయో పదేళ్ళ తర్వాత కూడా చెప్పగలడు. పొయ్యి దగ్గర అతని బుర్ర పాదరసం.

పొయ్యి దాటితే మాత్రం ఆ బుర్ర వేరు. ఉప్పు కోసం కొట్టుకు వెళ్ళి బెల్లం తెచ్చేవాడు. ఆదివారం పూట వేణిని లేపి, తలదువ్వి, సంచీ తగిలించి బడికి పంపేశాడు ఒకసారి. చెప్పులు కాళ్ళకే పెట్టుకుని ఊరంతా వెతికాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవారు. రత్నం మాత్రం నవ్వేది కాదు, వెనకాలే నడుస్తూ అన్నీ సర్దుకొచ్చేది.

మా వైపు ఒక అలవాటుంది. మర్చిపోకూడని పనేదైనా ఉంటే ఆడవాళ్ళు కొంగుకు, మగవాళ్ళు తువ్వాలుకు ముడి వేసుకుంటారు. చెయ్యి తగిలినప్పుడల్లా 'ఇదెందుకు వేశాను' అనుకుంటారు, పని గుర్తొస్తుంది. ఏడుకొండలుకు ఆ అలవాటు నాతోనే మొదలైంది. నాకు నాలుగు కొసలు. ఒక్కోరోజు నాలుగింటికీ ముడులే. పండు జ్వరం మందు ఒక ముడి, బడిలో పిలిచిన మీటింగు ఒక ముడి. అతని సంసారమంతా నా కొసల్లో ఉండేది.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. అదేమిటో లోకంలో నాకొక్కదానికే తెలుసు. వంటవాడు పెద్ద గుండిగ దింపాలంటే దాని అంచును తువ్వాలుతో పట్టాలి. మడత సాఫుగా ఉండాలి. ముడి అడ్డం వస్తే పట్టు జారుతుంది, సలసలా కాగే గంజి కాళ్ళ మీద పడుతుంది. అందుకని దింపే ముందు ముడి విప్పెయ్యాల్సిందే. ముడి విప్పేశాక అందులో ఉన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? నాకు గుర్తుంటుంది. కానీ నాకు నోరు లేదు.

ఇంటికి పైకప్పు వేయించాలని రత్నం కువైట్ వెళ్ళింది. మా ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళు అలా వెళ్ళినవాళ్ళే, ఎవరిళ్ళలోనో వంటలు చేసి, ఎవరి పిల్లల్నో పెంచడానికి. బస్సు దగ్గర ఆమె ఏడవలేదు. నా కొస పట్టుకుని తన చేత్తో ముడి వేసింది.

"మావా, ఇది పిల్లలు. నన్ను మర్చిపో, ఇల్లు మర్చిపో, ఏదన్నా మర్చిపో. పిల్లల్ని మర్చిపోకు. నీకు దండం పెడతాను."

"నా పిల్లల్ని నేను మర్చిపోతానేటే, పిచ్చి మొకమా!" అన్నాడు ఏడుకొండలు.

ఆ ముడి మూడో రోజున సాంబారు గుండిగ దింపడానికి విప్పేశాడు. అతను చెడ్డవాడు కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత మీరు అతన్ని తిట్టుకుంటారు.

కువైట్‌లో శుక్రవారం సెలవు. ఆ రోజు రత్నం ఫోను చేసేది. ఆమె ఒక్కొక్కటే చెబుతుంటే ఇతను "ఊఁ… ఊఁ…" అంటూ నా కొసలు వెతుక్కునేవాడు.

"ముడేసేవా మావా?"

"ఏసేను."

"ఏదీ, దేనికేసేవో సెప్పు?"

ఇతను నాకేసి చూసేవాడు. పక్కన కూర్చున్న వేణి పెదాలు మాత్రం కదిపి అందించేది. "పండుకి గౌను కొలతలు" అనేవాడు ఇతను గర్వంగా. అవతల రత్నం ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకు వినిపించేది. అలా ఆ సంసారం ఒక తొమ్మిదేళ్ళ పిల్ల పెదాల మీద నడిచింది.

ఆ ఏడాది కాలవకు నీళ్ళొదిలే ముందు ఒక సంగతి జరిగింది. ఏడుకొండలు పండును వెంటబెట్టుకుని పిండిమరకు వెళ్ళాడు. పిండి డబ్బా నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాడు. వాకిట్లో ముగ్గు వేస్తున్న వేణి తలెత్తింది.

"నాన్నా, పండేదీ?"

అతను డబ్బా కింద పడేసి పరిగెత్తాడు. నేను మెడలో ఎగురుతూ వెళ్ళాను. పండు మర దగ్గర గోనెసంచి మీద కూర్చుని, మొహమంతా పిండితో, ఎవరో ఇచ్చిన బెల్లంముక్క చప్పరిస్తోంది. దానికేం కాలేదు. అయినా ఏడుకొండలు ఇంటికి తెచ్చి దాన్ని అరుగు మీద దింపి, రెండు చేతులతో తన చెంపలు తనే వాయించుకోవడం మొదలుపెట్టాడు. "థూ నా బతుకు! థూ నా బుర్ర! నేనూ ఒక తండ్రినేనా!" అంటూ ఫటఫటా కొట్టుకున్నాడు. పెదవి చిట్లింది. వేణి ఏడుస్తూ ఆ చేతులకు వేలాడింది. ఆ నెత్తురు నాతోనే తుడిచింది.

ఆ రోజు నుంచి వేణి తండ్రికి ఏదీ గుర్తుచెయ్యడం మానేసింది. అతను మర్చిపోయిన పని తనే చేసేసేది. తను చెయ్యలేనిది ఊరుకునేది. గుర్తుచేస్తే నాన్న కొట్టుకుంటాడని ఆ పిల్ల భయం. ఆ మాట ఎవరితోనూ అనలేదు, కానీ నేను అతని భుజం మీదే ఉంటాను కదా, ఆ పిల్ల కళ్ళు నాకు తెలుసు.

కాలవ నిండాక పిల్లలంతా ఈతకు పడ్డారు. వారం తిరిగేసరికి వేణి ఎడమచెవి పోటెత్తింది. ఏడుకొండలు వెల్లుల్లి కాచిన నూనె వేశాడు, ఉప్పు మూటతో కాపడం పెట్టాడు. నాలుగో రోజు చీము వచ్చింది. బెంబేలెత్తిపోయి పిల్లను ఎత్తుకుని అమలాపురంలో చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. డాక్టరు మంచివాడు. నిదానంగా శుభ్రం చేసి, చీటీ రాసి, విడమర్చి చెప్పాడు.

"చూడవయ్యా, లోపల పొరకి చిల్లు పడింది. ఈ చుక్కలు వెయ్యి, ఈ మాత్రలు ఇయ్యి. నొప్పి రెండ్రోజుల్లో పోతుంది. నొప్పి పోయింది కదాని ఊరుకోకు. పదో రోజున మళ్ళీ తీసుకురా. చీము లోపలికి దిగితే ఎముక తినేస్తుంది, వినికిడి పోతుంది. పోతే మళ్ళీ రాదు. అర్థమైందా?"

"అయ్యో, ఎంతమాటండీ! తప్పకుండా తెస్తానండి" అన్నాడు ఏడుకొండలు. చీటీ పోగొడతానేమోనని వేణి చేతికిచ్చాడు. బస్సులో కూర్చున్నాక నా కొస తీసుకుని ముడి వేశాడు. ఒకటి కాదు, ముడి మీద ముడి, గోరు కూడా దిగనంత గట్టిగా. వేస్తూ "పదో రోజు… పదో రోజు…" అని గొణుక్కున్నాడు. వేణి అతని భుజానికి ఆనుకుని ఆ ముడిని వేలితో నొక్కి చూసింది. నవ్వింది కూడా. నాకూ ధైర్యం వచ్చింది. అంత గట్టి ముడి ఎప్పుడూ వెయ్యలేదు మరి.

మందులు తప్పకుండా వేశాడు. నొప్పి పోయింది. ఇంతలో శ్రావణం వచ్చిపడింది. పన్నెండు రోజుల్లో తొమ్మిది పెళ్ళిళ్ళు. పిల్లల్ని పక్కింటి మామ్మకు అప్పజెప్పి, తెల్లారకముందే వెళ్ళి పొద్దువాలాక వచ్చేవాడు.

పదో రోజున కొత్తపేటలో పెళ్ళి. ఆరు వందల మంది. పెద్ద గుండిగలో అన్నం ఉడికి దింపడానికి సిద్ధంగా ఉంది. అవతలి అంచు రెండో వంటవాడు పట్టుకున్నాడు. ఏడుకొండలు నన్ను భుజం మీంచి లాగి మడతపెట్టబోయాడు. ముడి అడ్డం వచ్చింది. చేత్తో విప్పబోతే రాలేదు. అతను ఆగాడు. ముడిని బొటనవేలితో తడిమాడు.

"ఇదెందుకేసేను చెప్మా?" అన్నాడు పైకే.

ఆ ఒక్క క్షణాన్ని నా బతుకులో ఎప్పుడూ మర్చిపోలేను. అతని మొహంలో ఏదో కదిలింది. ఇంకొక్క లిప్త ఆగి ఉంటే గుర్తొచ్చేదే. వేణి అని అరవాలని నా పోగుపోగూ తపించింది. గుడ్డకు గొంతెక్కడిది?

"మేస్త్రీ, మాడిపోతందయ్యా! పట్టు, పట్టు!" అని అరిచాడు అవతలివాడు.

ఏడుకొండలు ముడిని పళ్ళతో లాగి విప్పేశాడు. గుండిగ దింపాడు. ఒక్క మెతుకు మాడలేదు. పెళ్ళివారు భోజనాలు అయ్యాక వచ్చి ఏడుకొండలు చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నారు.

మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరాం. వేణి గడపలో నిలబడి ఉంది. ఊరెళ్ళేటప్పుడు వేసుకునే నీలం గౌను వేసుకుంది. తనే రెండు జడలు వేసుకుంది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. చేతిలో డాక్టరు చీటీ. పండును పొద్దున్నే మామ్మ ఇంట్లోనే ఉంచి వచ్చిందట. పొద్దున్నించీ అలా నిలబడే ఉందని తర్వాత మామ్మ చెప్పింది.

ఏడుకొండలు కూతుర్ని చూసి మురిసిపోయాడు.

"ఏంటమ్మా, కొత్త గౌనేసేవు! ఎవరిదన్నా పుట్టినరోజా?"

వేణి అతని మొహం చూసింది. తర్వాత నన్ను చూసింది. ఒక్కొక్క కొసా చూసింది. ఎక్కడా ముడి లేదు. ఆ పిల్ల అంతా తెలుసుకుంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

చీటీ ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "ఏం లేదు నాన్నా, ఊరికే ఏసుకున్నాను" అంది. లోపలికి వెళ్ళి గౌను మార్చుకుంది.

ఆ తర్వాత రెండేళ్ళలో జరిగింది తలుచుకుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. అప్పుడప్పుడూ చెవి కారేది. వేణి దూది పెట్టుకుని జుట్టు కప్పేసుకునేది. నొప్పి లేదు కాబట్టి ఏడ్చే పనే లేదు. వాకిట్లోంచి తండ్రి "వేణీ, చెంబుతో నీళ్ళట్టుకురా" అంటే రెండుసార్లు పలికేది, రెండుసార్లు పలికేది కాదు. "ఉప్పు తెమ్మంటే ఉత్త చేతుల్తో వచ్చేవేటే?" అని అడిగితే బిక్కమొహం వేసేది. ఏడుకొండలుకు కోపం రాలేదు. పైపెచ్చు ముద్దొచ్చేది. "నా కూతురే! అచ్చం నా బుర్రే!" అని నెత్తిన ముద్దుపెట్టుకునేవాడు.

బడి పంతులమ్మ ఇంటిదాకా వచ్చింది ఒకరోజు. "ఏడుకొండలు గారూ, మీ అమ్మాయి తెలివైనదేనండి. కానీ చెప్పింది చెప్పినట్టు మర్చిపోతోంది. ఫలానా పేజీ తియ్యమంటే పక్కవాళ్ళ పుస్తకంలోకి చూస్తోంది. ధ్యాస ఉండటం లేదండి."

"మా ఇంటి జబ్బేనండి అది. నా పోలికొచ్చేసింది. మందు నా దగ్గరుందండి" అని నవ్వాడు ఏడుకొండలు. ఆ సాయంత్రం కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రిబ్బను కొసకు ముడి ఎలా వేసుకోవాలో నేర్పాడు. "ఎవరేం సెప్పినా ముడేసేసుకో. ఇంక మర్చిపోవు" అన్నాడు. ఎవరేం చెప్పారో వినబడని పిల్ల బుద్ధిగా తలూపి ముడి వేసుకుంది. చెవుడును మతిమరుపు అనుకున్న ఇల్లు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. ఈ ఇంట్లో మాత్రం మతిమరుపు ఎంత అలవాటైపోయిందంటే, ఇంకో జబ్బు వస్తుందని ఎవరికీ తోచలేదు.

మూడో ఏడు వేసవిలో రత్నం వచ్చింది. రెండు నెలల సెలవు. పెట్టె విప్పి అందరికీ బట్టలు, బొమ్మలు పంచింది. మర్నాడు పొద్దున్న వేణికి తలంటి పోసి, నాతోనే జుట్టు తుడిచి, అరుగు మీద ముందు కూర్చోబెట్టుకుని చిక్కు తీస్తోంది. నేను ఆమె ఒళ్ళో ఉన్నాను. వాకిట్లో పండు కొత్త బొమ్మకారుకు తాళం తిప్పి గీపెట్టిస్తోంది.

"నీకింకోటి తెచ్చేను. దాచేను. ఏటో చెప్పుకో" అంది రత్నం ఎడంవైపు నుంచి వంగి.

వేణి పలకలేదు.

"నిన్నేనే! ఏటో చెప్పుకో చూద్దాం."

పలకలేదు. రత్నం మొహం చిన్నబోయింది. "నామీద కోపమొచ్చిందేటే తల్లీ? ఒదిలేసి ఎల్లిపోయేననా? నాకు మాత్తరం మనసుందనుకున్నావా అక్కడ?" అంది. కళ్ళు తుడుచుకుంది. పిల్ల హాయిగా కాళ్ళూపుతూ పండును చూస్తోంది. అప్పుడు రత్నానికి అనుమానం వచ్చింది. ఎడమచెవి మీది జుట్టు పక్కకు తీసి, దాని దగ్గరకు నోరు పెట్టి "వేణీ" అంది. పిల్ల కదల్లేదు. కుడిచెవి దగ్గర అంతే మెల్లగా "వేణీ" అంది.

"ఆఁ, అమ్మా?" అని వేణి చటుక్కున తిరిగింది.

దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది.

కాకినాడలో పెద్ద డాక్టరమ్మ చూసింది. పరీక్షలన్నీ చేసింది. ఎడమచెవిలో ఎముకను చీము తినేసిందనీ, ఆపరేషన్ చేసి చీము ఆపుతామనీ, వినికిడి మాత్రం ఇక రాదనీ, కుడిచెవిని కళ్ళలో పెట్టుకుని కాపాడుకోమనీ చెప్పింది. "మొదట్లో ఎవరికీ చూపించలేదా?" అని అడిగింది.

"చూపించేనండి, అమలాపురంలో" అన్నాడు ఏడుకొండలు.

"మళ్ళీ రమ్మన్నారా?"

అతను భుజం మీంచి నన్ను తీసి కొసలు తడుముకున్నాడు, అందులో ఏమైనా దొరుకుతుందేమోనని. "ఏమోనండి… రమ్మన్నారేమోనండి…" అన్నాడు. అబద్ధం కాదు. నిజంగానే అతనికి తెలియదు. మర్చిపోయిన సంగతి కూడా మర్చిపోయాడు.

"రమ్మనలేదండి" అంది వేణి గబుక్కున.

కానీ నిజం దాగుతుందా? ఇంటికొచ్చాక రత్నం పిల్ల పుస్తకాలు సర్దుతుంటే పాత తెలుగువాచకంలో డాక్టరు చీటీ దొరికింది. కింద తేదీ వేసి, 'తప్పక రావాలి' అని రాసి, గీత గీసి ఉంది. ఆ తేదీ పక్కనే పెన్సిలుతో చిన్నపిల్ల దస్తూరీలో ఒకటి నుంచి పది వరకు అంకెలు. తొమ్మిది వరకు కొట్టేసి ఉన్నాయి. పది అలాగే ఉంది.

రత్నం ఆ కాగితం పట్టుకుని పక్కింటికి వెళ్ళి, ఆ పదో రోజున ఏం జరిగిందో మామ్మను అడిగి తెలుసుకుంది. తిరిగి వాకిట్లోకి వచ్చింది.

"మర్చిపోయేవా మావా?" అంది. గొంతు పెంచలేదు. "ఇదేమన్నా పప్పులో ఉప్పా, మర్చిపోడానికి? మన పిల్ల చెవి. ఆరొందల మందికి అన్నం మాడకుండా దింపుతావే, నీ కూతురు గడపలో నిలబడుంటే నీకు గుర్తు రాలేదా?"

అతను చీటీ చూశాడు. కొట్టెయ్యని పది చూశాడు. "నాకు గుర్తులేదు రత్నం. మా అమ్మ మీదొట్టు, నాకేం గుర్తులేదు" అన్నాడు. చేతులు చెంపల దగ్గరికి వెళ్ళాయి. లోపల్నించి వేణి పరుగున వచ్చి ఆ చేతులు పట్టుకుంది.

"అమ్మా, నాన్ననేం అనకే. నాకు తెలుసు. నేనే గుర్తు చెయ్యలేదు" అంది.

అప్పుడు అరిచింది రత్నం. జీవితంలో ఆమె అరవగా నేను విన్నది ఆ ఒక్కసారే. మొగుడి భుజం మీంచి నన్ను లాగి, "ఈ ముడుల బతుకు ఇంక చాలు!" అని నిలువునా చించేసింది. పదేళ్ళు మన్నుతుందని పేరు పడ్డ నూలు పర్రుమంది. నాకు నొప్పి అనిపించలేదు. ఎవరో ఒకరు నన్ను శిక్షించినందుకు తేలికపడ్డాను.

పదో రోజు ముడి వేసిన కొస రెండో సగంతో పోయింది. అది నేలగుడ్డగా ఆర్నెల్లు బతికి అరిగిపోయింది. నేను మసిగుడ్డనయ్యాను. ఆపరేషనుతో వేణి చెవిలో చీము ఆగింది. రత్నం మళ్ళీ కువైట్ వెళ్ళలేదు. ఇంటికి ఇప్పటికీ రేకులే. పెళ్ళిళ్ళకు మొగుడితో పాటు వెళ్ళి కూరలు తరుగుతుంది. అతని పక్కనే ఉండి అన్నీ గుర్తుచేస్తుంది. చెవి సంగతి మాత్రం ఆ రోజు తర్వాత ఎత్తలేదు. అతను భుజాన కొత్త తువ్వాలు వేసుకున్నాడు గాని దానికి ఏనాడూ ముడి వెయ్యలేదు.

ఇప్పుడు వేణికి పదిహేనేళ్ళు. ఇంట్లో వంట తనదే. రుబ్బురోలు బదులు గ్రైండరు వచ్చింది, అది ఒకటే రొద పెడుతుంది. పొయ్యికి ఎడంపక్క గోడవారగా ఒక పీట. పనిలేని రోజుల్లో ఏడుకొండలు వచ్చి ఆ పీట మీద కూర్చుంటాడు. గ్రైండరు తిరుగుతుంటే, కూతురికి వినబడని వైపు నుంచి, నేలచూపులు చూస్తూ, పెదాల్లోనే క్షమాపణ చెప్పుకుంటాడు. చెప్పేసి లేచి వెళ్ళిపోతాడు. మర్చిపోయే మనిషి కదా, నిన్న చెప్పానన్న సంగతి కూడా మర్చిపోతాడు. మర్నాడు వచ్చి మళ్ళీ కొత్తగా చెబుతాడు. ఏ రోజుకారోజు అతనికది మొదటిసారే. అసలు పిల్లకు వినబడనిది ఏ చెవో కూడా అతనికి ఎప్పుడూ అనుమానమే. పీట ఎడంపక్కన ఉంది కాబట్టి సరిపోతోంది.

నిన్న మధ్యాహ్నం ఆ పీట మీద రత్నం తోటకూర బుట్ట పెట్టి వెళ్ళింది. ఏడుకొండలు వచ్చి చూసి, ఇటు తిరిగి, పొయ్యికి కుడిపక్కన గచ్చు మీద చతికిలబడ్డాడు. వేణి నన్ను రెండు చేతుల్లో పట్టుకుని గంజి వారుస్తోంది. గ్రైండరు తిరుగుతోంది. అయ్యో, అటు కాదయ్యా, అది వినబడే చెవి అని ఎవరు చెబుతారు?

"తల్లీ," అన్నాడు నేలకేసి చూస్తూ. "ఆ డాట్టరు నిన్ను పదో రోజుకి రమ్మన్నాడంట. నేను తీస్కెళ్ళలేదు. నువ్వు జడలేసుకుని గడపలో నిలబడ్డావంట. మీయమ్మ చెప్పింది. నాకా రోజే గుర్తులేదమ్మా. ఎంత గింజుకున్నా గుర్తు రాట్లేదు. నా పిల్లని నేనే మర్చిపోయేను. నువ్వెప్పుడూ నన్నో మాట అనవేటే? ఒక్కసారి తిట్టవే. తిడితే నాకు గుర్తుంటాదేమో."

వేణి చేతులు నన్ను బిగించి పట్టుకున్నాయి. గంజి ఆవిరి ఆమె మొహానికి కొడుతోంది. ఒక్క చుక్క ఒలకకుండా వార్చింది. గిన్నె నేలమీద పెట్టింది. నాతో మొహం తుడుచుకుంది, మసి అంటినా చూసుకోలేదు. అప్పుడు తండ్రి వైపు తిరిగి, కుడిచెవి మీద చెయ్యి వేసుకుంది.

"ఏవన్నా అన్నావా నాన్నా? ఇటుపక్క చెవి నాకు వినపడదు కదా!"

ఏడుకొండలు ఆ చేతికేసి, ఆ చెవికేసి చూశాడు. నెమ్మదిగా తలూపాడు.

"అవును కదమ్మా," అన్నాడు. "మర్చిపోయేను."